పదేపదే ట్రిప్పయ్యే బ్రేకరు: వ్యవధే ఆనవాలు

ఇంటి గోడల లోపల పైపుల్లో సాగే రాగి తీగలకు కొంత మోతాదు వరకే విద్యుత్ ప్రవాహాన్ని మోసే శక్తి ఉంటుంది. ఆ మోతాదు దాటితే తీగ వేడెక్కుతుంది, దాని మీది పీవీసీ తొడుగు మెత్తబడుతుంది, చివరకు పక్కనున్న మరో తీగతో తగిలి నిప్పు పుట్టే ప్రమాదం ఏర్పడుతుంది. ఆ స్థితి రాకముందే ప్రవాహాన్ని తనంతట తానుగా ఆపివేసే సాధనాన్ని సర్క్యూట్ బ్రేకరు అంటారు. తెలుగు ఇళ్లలో సాధారణంగా కనిపించేవి రెండు రకాలు. ఒక్కొక్క తీగల వరుసకు ఒక్కొక్కటిగా ఉండే చిన్న బ్రేకరును ఎంసీబీ అని, ఇంటి మొత్తానికి కలిపి మొదట్లో ఉండే, ‘టీ’ అనే అక్షరంతో ఒక చిన్న మీట కలిగిన వెడల్పాటి బ్రేకరును ఆర్‌సీసీబీ అని పిలుస్తారు. పాత ఎలక్ట్రీషియన్లు ఈ రెండో దానిని ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే వ్యవహరిస్తారు. బ్రేకరు మాటిమాటికీ పడిపోతున్నప్పుడు, అంటే ట్రిప్ అవుతున్నప్పుడు, దానిని చెడిపోయిన వస్తువుగా భావించి మార్చివేయడం చాలా ఇళ్లలో జరిగే పని. అయితే అది ఎంత వ్యవధిలో, ఏ సందర్భంలో, ఏ పరికరం నడుస్తుండగా పడిపోయిందో గమనిస్తే, లోపం ఎక్కడుందో చాలావరకు బ్రేకర్లు బిగించిన పెట్టె మూత విప్పకుండానే ఊహించవచ్చు. ఈ రెండు రకాల బ్రేకర్లలో కలిపి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు భౌతిక సూత్రాలు పనిచేస్తుండడం, ఆ మూడింటి వేగాలూ వేర్వేరుగా ఉండడం దీనికి కారణం.

బ్రేకరుకు ముందు ఈ రక్షణ బాధ్యత ఫ్యూజుది. పింగాణీతో చేసిన కిట్‌క్యాట్ ఫ్యూజులో సన్నని తీగ ఒకటి ఉండి, ప్రవాహం ఎక్కువైతే అది కరిగి తెగిపోయేది. అది తెగిన ప్రతిసారీ కొత్త తీగ కట్టవలసి రావడం, కట్టేవారు చేతికందిన మందపాటి రాగి పోగును చుట్టివేయడం వల్ల ఫ్యూజు అసలు ఉద్దేశమే దెబ్బతినేది. కరిగిపోయే తీగకు బదులు, మళ్లీ పైకెత్తి వాడుకోగల మీటను జర్మనీలోని మన్‌హైమ్ నగరానికి చెందిన హ్యూగో స్టోట్జ్ సంస్థ 1924లో రూపొందించింది. నెమ్మదిగా వచ్చే అధిక భారాన్ని ఉష్ణం ద్వారా, హఠాత్తుగా వచ్చే షార్ట్ సర్క్యూట్‌ను అయస్కాంతం ద్వారా పసిగట్టే రెండు ఏర్పాట్లను ఒకే చిన్న పెట్టెలో ఇమడ్చడం ఆ రూపకల్పనలోని గొప్పతనం. నేటి ఎంసీబీ కూడా మౌలికంగా అదే.

ఉష్ణ భాగంలో ఉండేది ద్విలోహ పట్టీ, అంటే వేడికి వేర్వేరు పరిమాణాల్లో వ్యాకోచించే రెండు లోహపు రేకులను ఒకదానిపై ఒకటి అతికించి చేసిన పట్టీ. వేడికి దాదాపు వ్యాకోచించని ఇన్వార్ అనే ఇనుము-నికెల్ మిశ్రమలోహాన్ని 1896లో కనుగొన్న షార్ల్ ఎద్వార్ గిల్లోమ్‌కు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఇటువంటి పట్టీల్లో తక్కువగా సాగే వైపున వాడదగిన లోహం అదే. ప్రవాహం పట్టీ గుండా గానీ దాని పక్క నుంచి గానీ సాగుతూ దానిని వేడిచేస్తుంది. ఎక్కువ సాగే వైపు సాగి, సాగని వైపు అలాగే ఉండడంతో పట్టీ మెల్లగా వంగుతుంది. తగినంత వంగిన తరువాత లోపలి కొక్కేన్ని తప్పిస్తుంది, మీట కిందికి పడుతుంది. వేడి కూడుకోవడానికి సమయం పడుతుంది కనుక ఈ చర్యకు ఎప్పుడూ ఆలస్యం ఉంటుంది. ఆ ఆలస్యానికి ప్రామాణిక హద్దులు ఉన్నాయి. 16 యాంపియర్ల బ్రేకరు గుండా దానికి 1.13 రెట్లు, అంటే సుమారు 18 యాంపియర్లు ప్రవహిస్తే గంటసేపటి వరకూ అది ట్రిప్ కాకూడదు, 1.45 రెట్లు, అంటే సుమారు 23 యాంపియర్లు ప్రవహిస్తే గంటలోగా తప్పక ట్రిప్ కావాలి, 2.55 రెట్లు, అంటే దాదాపు 41 యాంపియర్లు ప్రవహిస్తే నిమిషంలోగానే పడిపోవాలి. ‘16 యాంపియర్లు దాటగానే ఆగిపోతుంది’ అనుకోవడం సాధారణమే అయినా సరికాదు. 18కీ 23కీ మధ్య ఉన్నది అనిశ్చిత ప్రాంతం. అందులో బ్రేకరు పడవచ్చు, పడకపోవచ్చు.

అయస్కాంత భాగానికి ఆలస్యమనేదే లేదు. ప్రవాహం ఒక తీగచుట్ట గుండా సాగుతూ అయస్కాంతాన్ని సృష్టిస్తుంది. ప్రవాహం విపరీతంగా పెరిగినప్పుడు ఆ అయస్కాంతం లోపలి ఇనుప కడ్డీని లాగి, సెకనులో పదోవంతు కంటే తక్కువ వ్యవధిలో కొక్కేన్ని తప్పిస్తుంది. ఎన్ని రెట్ల ప్రవాహానికి ఇది కదలాలన్నదాన్ని బట్టి బి, సి, డి అనే తరగతులు ఏర్పడ్డాయి. బి తరగతి 3 నుంచి 5 రెట్ల మధ్య, సి తరగతి 5 నుంచి 10 రెట్ల మధ్య, డి తరగతి 10 నుంచి 20 రెట్ల మధ్య కదులుతాయి. బ్రేకరు ముఖం మీద ‘సి16’ అన్న గుర్తులోని అక్షరానికి అర్థం ఇదే. ఫేజు, న్యూట్రల్ తీగలు నేరుగా తగిలినప్పుడు, ఆ దారి మొత్తం నిరోధం అర ఓమ్ అనుకుంటే, 230 వోల్టుల వద్ద 460 యాంపియర్లు ప్రవహిస్తాయి. సి16 బ్రేకరుకు అది దాదాపు 29 రెట్లు. కనుక కనురెప్ప పాటులో ఆగిపోతుంది. మీటను వేలితో పైకి నొక్కిపట్టినా ఇది ఆగదు, ఎందుకంటే పట్టుకున్న మీటతో సంబంధం లేకుండా లోపలి స్పర్శ బిందువులు విడిపోయేలా యంత్రాంగాన్ని అమర్చుతారు.

మూడో సూత్రం ఆర్‌సీసీబీది. ఇది ప్రవాహం ఎంత ఉన్నదని చూడదు, వెళ్లిందీ వచ్చిందీ సమానమా అని మాత్రమే చూస్తుంది. ఫేజు, న్యూట్రల్ తీగలు రెండూ ఒక అయస్కాంత వలయం మధ్య నుంచి సాగుతాయి. ఫేజులో వెళ్లిన ప్రవాహమంతా న్యూట్రల్‌లో తిరిగివస్తే వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి. కొంత ప్రవాహం మనిషి శరీరం ద్వారానో, తడి గోడ ద్వారానో నేలలోకి జారిపోతే ఆ సమతూకం చెదిరి, వలయం మీది మరో తీగచుట్టలో వోల్టేజి పుట్టి బ్రేకరును పడేస్తుంది. ఇళ్లలో వాడేది 30 మిల్లీ యాంపియర్లకు నిర్ణయించిన రకం. అది ఆ హద్దులో సగం దాటిన దగ్గర నుంచీ, అంటే 15 నుంచి 30 మధ్య ఎక్కడైనా కదలవచ్చు. ఈ అంకెను 16 యాంపియర్ల ఎంసీబీతో పోలిస్తే తేడా ఐదువందల రెట్లకు పైగా ఉంటుంది. తడిసిన శరీరం నిరోధం వెయ్యి ఓమ్‌లు అనుకుంటే అందులో 230 మిల్లీ యాంపియర్లు ప్రవహిస్తాయి. గుండె లయ తప్పించడానికి అది సరిపోతుంది, ఎంసీబీకి మాత్రం అది కనిపించనంత చిన్నది. ఎంసీబీ తీగను కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. అయితే మనిషి ఒక చేత్తో ఫేజునూ మరో చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకుంటే ఆర్‌సీసీబీకి కూడా తేడా తెలియదన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

కాబట్టి మొదటి పరిశీలన పడిపోయినది ఏ బ్రేకరు అన్నదే. ఎంసీబీ పడితే, అది మీట ఎత్తిన క్షణంలోనే పడిందా, కొంతసేపు నడిచి పడిందా అన్నది రెండో ప్రశ్న. ఎత్తగానే పడిపోతే అది దాదాపు ఎప్పుడూ షార్ట్ సర్క్యూట్. ఫొటో తగిలించడానికి కొట్టిన మేకు గోడలోని పైపును చీల్చి ఉండవచ్చు, అటకపై ఎలుక తొడుగు కొరికి ఉండవచ్చు, స్విచ్‌బోర్డులోకి దూరిన బల్లి రెండు టెర్మినళ్ల మధ్య పడి ఉండవచ్చు. ఇటువంటి దానిని పదేపదే ఎత్తి చూడడం ప్రమాదకరం, ఎందుకంటే ప్రతి ప్రయత్నంలోనూ వందల యాంపియర్ల ప్రవాహం ఆ లోపం గుండా ఒక్క క్షణమైనా సాగుతుంది.

కొంతసేపు నడిచి పడిపోయే ఎంసీబీ కథ వేరు. ఒకే 16 యాంపియర్ల వరుస మీద 2000 వాట్ల గీజరు, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఉన్నాయనుకుంటే, వాటి ప్రవాహాలు వరుసగా 8.7, 8.7, 4.3 యాంపియర్లు, మొత్తం 21.7 అవుతుంది. ఇది 16కు 1.36 రెట్లు, అంటే పైన చెప్పిన అనిశ్చిత ప్రాంతం లోపలిదే. గీజరులోని నీరు వేడెక్కి థర్మోస్టాట్ దానిని ఆపివేస్తే మిగిలేది 13 యాంపియర్లే. అప్పుడు పట్టీ మళ్లీ చల్లబడుతుంది. చలికాలంలో నీరు వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది కనుక మూడూ కలిసి నడిచే వ్యవధి పెరిగి బ్రేకరు పడుతుంది, వేడి ఉదయాల్లో పడదు. ఒకరోజు పడి మరొకరోజు పడని బ్రేకరును చూసి ఇంట్లోవారు కలవరపడుతుంటారు గానీ, దాని ప్రవర్తనలో గందరగోళమేమీ లేదు. లెక్క మాత్రమే ఉంది.

ఎండాకాలపు ట్రిప్పింగ్‌కు మరో కారణం తోడవుతుంది. ఇళ్లలో వాడే బ్రేకర్ల ఉష్ణ భాగాన్ని సాధారణంగా 30 డిగ్రీల వాతావరణానికి సరిచేసి తయారుచేస్తారు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో గాలి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటినప్పుడు, పడమటి గోడ మీది పెట్టె లోపల అంతకన్నా ఎక్కువ వేడి ఉంటుంది. పక్కపక్కనే బిగించిన బ్రేకర్లు ఒకదానినొకటి మరింత వేడిచేస్తాయి. పట్టీ అప్పటికే కొంత వంగి ఉంటుంది కనుక 16 యాంపియర్ల బ్రేకరు అంతకన్నా తక్కువ ప్రవాహానికే పడిపోవచ్చు. పెట్టెను నీడ ఉండే చోటికి మార్చడం, భారమెక్కువ మోసే బ్రేకర్ల మధ్య ఒక బ్రేకరంత చోటు ఖాళీగా వదలడం ఇక్కడ నిజమైన చికిత్సలు.

అయితే వేడి బయటి నుంచే రానక్కరలేదు. బ్రేకరు అడుగున తీగను బిగించే మర వదులైతే, ఆ చోట నిరోధం పెరుగుతుంది. అది 0.1 ఓమ్ మాత్రమే అనుకున్నా, 13 యాంపియర్లు సాగుతున్నప్పుడు పుట్టే ఉష్ణం ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో గుణించిన విలువ, అంటే దాదాపు 17 వాట్లు. వేలి గోరంత లోహపు ముక్క మీద 17 వాట్లంటే రేడియో బాగుచేసేవారి టంకం కడ్డీ దానికి తగిలి ఉన్నట్టే. ఆ వేడి నేరుగా బ్రేకరులోకి పాకి పట్టీని వంచుతుంది. భారం ఎంతో తక్కువగా ఉన్నా బ్రేకరు పడుతుంది. మిగతా వాటికన్నా ఒక్క బ్రేకరే చేతికి వేడిగా తగలడం, దాని కింది తీగ తొడుగు గోధుమరంగుకు తిరగడం, కాలిన ప్లాస్టిక్ వాసన రావడం దీని ఆనవాళ్లు. వీటిలో ఏది కనిపించినా మెయిన్ స్విచ్ దించి ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే సరైన పని.

నీటి మోటార్లు ఒక ప్రత్యేక తరగతి. ఆగి ఉన్న మోటారు కదలడం మొదలుపెట్టిన క్షణంలో, నడిచేటప్పుడు తీసుకునే దానికి ఐదారు రెట్ల ప్రవాహం లాగుతుంది. నడిచేటప్పుడు 7 యాంపియర్లు తీసుకునే ఒక హార్స్‌పవర్ మోటారు మొదట్లో 35 నుంచి 40 వరకూ లాగవచ్చు. ఆ వరుసకు బి10 బ్రేకరు ఉంటే దాని అయస్కాంతం 30 నుంచి 50 మధ్య ఎక్కడైనా కదులుతుంది కనుక, మోటారు వేసినప్పుడల్లా ట్రిప్ కావచ్చు. ఇక్కడ లోపం మోటారుదీ కాదు, తీగదీ కాదు, తరగతి ఎంపికది; సి తరగతి బ్రేకరు ఆ తొలి ఉధృతిని సహిస్తుంది. సి16 ఉన్నప్పటికీ మోటారు హుమ్మని మూలుగుతూ తిరగక, కొన్ని సెకన్ల తరువాత బ్రేకరు పడుతుంటే అనుమానం కెపాసిటరు మీదికి వెళ్లాలి. కెపాసిటరు బలహీనపడితే మోటారు తిరగడానికి కావలసిన తొలి ఊపు అందదు; తొలి ప్రవాహం తగ్గకుండా అలాగే కొనసాగి, రెండు రెట్లకు పైగా భారంతో ద్విలోహ పట్టీని వంచుతుంది. వేసవి సాయంత్రాల్లో వోల్టేజి బాగా పడిపోయినప్పుడు కూడా, మోయవలసిన నీరు అంతే ఉంటుంది కనుక, మోటారు ఎక్కువ ప్రవాహం లాగి ఇదే ఫలితాన్ని ఇస్తుంది.

ఆర్‌సీసీబీ పడిపోవడమే వీటన్నిటికన్నా చిక్కైన సమస్య. దానికి ఎక్కువసార్లు కారణమయ్యేది గీజరు. గీజరు వేడిచేసే చుట్ట లోహపు గొట్టంలో ఉంటుంది. చుట్టకూ గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడు పొడి నింపుతారు. ఆ పొడి వేడిని సాగనిచ్చి విద్యుత్తును అడ్డుకుంటుంది, కానీ తేమను పీల్చుకునే గుణం దానికి ఉంది. కఠినజలం వచ్చే బోర్ల మీద ఆధారపడిన ఇళ్లలో గొట్టం మీద కాల్షియం కార్బొనేట్ పొర పేరుకుపోయి, వేడి నీటిలోకి పోలేక గొట్టం అతిగా వేడెక్కి చిట్లుతుంది. లోపలికి చేరిన తేమ ద్వారా ప్రవాహం నీటిలోకి జారుతుంది. చిట్టచివరి దశ దాకా ఆ లీకేజీ గొట్టం వేడెక్కినప్పుడే కనిపించవచ్చు, అందువల్ల గీజరు వేసిన కొన్ని నిమిషాల తరువాత ఆర్‌సీసీబీ పడుతుంది. ఆలస్యాన్ని చూసి అధిక భారమని పొరబడే అవకాశం ఉన్నది ఇక్కడే. పడింది ఏ బ్రేకరో ముందు చూడాలనడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు.

వానాకాలపు ట్రిప్పింగ్ సాధారణంగా బయటి అమరికల నుంచి వస్తుంది. గేటు దగ్గరి కాలింగ్ బెల్ స్విచ్, మిద్దెపైని దీపం, సంపు మోటారు తీగల అతుకు, చెమ్మ దిగిన గోడలోని బోర్డు రాత్రి తడిసి లీకవుతాయి, మధ్యాహ్నం ఎండకు ఆరి బాగుపడతాయి. ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి అంతా సవ్యంగా ఉండడానికి ఇదే కారణం. ఇటువంటి లోపాన్ని కంటితో వెతకడం వృథా. తీగలను సరఫరా నుంచి, పరికరాల నుంచి విడదీసి, మెగ్గర్ అనే సాధనంతో 500 వోల్టుల డీసీ ప్రయోగించి, తీగకూ ఎర్త్‌కూ మధ్య నిరోధం కనీసం ఒక మెగా ఓమ్ ఉందో లేదో కొలవాలి. ఏ ఒక్క పరికరమూ చెడకుండానే పడే సందర్భాలు కూడా ఉన్నాయి. కంప్యూటర్లు, ఇన్వర్టర్ ఏసీలు, వాషింగ్ మెషీన్ల లోపలి ఫిల్టర్లు తమ సహజ పనితీరులో భాగంగానే ఒకటో రెండో మిల్లీ యాంపియర్లు ఎర్త్‌లోకి వదులుతాయి. ఇంటి మొత్తానికి ఒకే ఆర్‌సీసీబీ ఉన్నప్పుడు ఇవన్నీ కూడి 15 దగ్గరికి చేరతాయి; ఆపైన ఏ చిన్న తేమ తోడైనా అది పడిపోతుంది. అటువంటి ఇంటికి అంతస్తుకొకటిగా, లేదా వరుసల గుంపుకొకటిగా ఆర్‌సీసీబీలను విడదీయడమే పరిష్కారం.

ఎలక్ట్రీషియన్లను సైతం తికమకపెట్టే లోపం మరొకటి ఉంది. ఏదో ఒక బోర్డులో న్యూట్రల్ తీగ ఎర్త్ తీగకు తగిలి ఉంటుంది. భారమేదీ లేనప్పుడు న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి దాదాపు సున్నా కనుక ఏమీ జరగదు. అయితే వేరే గదిలో 10 యాంపియర్ల పరికరం వేయగానే, తిరుగు ప్రవాహానికి రెండు దారులు దొరుకుతాయి. అందులో నూటికి ఒక వంతు, అంటే 100 మిల్లీ యాంపియర్లు, ఎర్త్ దారిన పోయినా ఆర్‌సీసీబీ పడుతుంది. ఏ దోషమూ లేని కొత్త ఇస్త్రీపెట్టె దోషిగా నిలుస్తుంది. పైగా మన ఇళ్లలోని చాలా ఎంసీబీలు ఒంటి పోలువి, అంటే ఫేజును మాత్రమే తెంచుతాయి. ఎంసీబీ దించినా న్యూట్రల్ దారి కలిసే ఉంటుంది కనుక, లోపమున్న వరుసను దించినంత మాత్రాన ట్రిప్పింగ్ ఆగదు. ఇన్వర్టర్ అమర్చినప్పుడు దాని వరుస న్యూట్రల్‌ను పాత వరుసల న్యూట్రల్‌తో కలిపివేసినా ఫలితం ఇటువంటిదే. ఎర్త్ సరిగా లేని ఇంట్లో ప్లగ్ పాయింటులోని ఎర్త్ రంధ్రాన్ని న్యూట్రల్‌కు కలిపి పని ముగించే అలవాటు కొందరిలో ఉంది. అది ట్రిప్పింగ్‌కు కారణం కావడం అటుంచి, న్యూట్రల్ ఎప్పుడైనా తెగితే ఫ్రిజ్ తలుపు నుంచి గీజరు ఒంటి దాకా ప్రతి లోహపు భాగానికీ ఫేజు వోల్టేజి ఎక్కుతుంది. ఇంటి విద్యుత్ పనుల్లో ఇంతటి ఘోరమైన అడ్డదారి మరొకటి లేదు.

ఇన్ని సాధ్యతల మధ్య వెతికే క్రమం మాత్రం సులభమైనది. పొడి చేతులతో, చెప్పులు వేసుకొని, ఎంసీబీలన్నిటినీ దించి, ప్లగ్గులన్నిటినీ ఊడదీయాలి. స్విచ్ ఆపితే చాలదు, న్యూట్రల్ తెగాలంటే ప్లగ్గు బయటికి రావాలి. ఆ స్థితిలో ఆర్‌సీసీబీని ఎత్తితే నిలిచి, ఎంసీబీలను ఒక్కొక్కటిగా ఎత్తినప్పుడు ఒక దానితో పడితే లోపం ఆ వరుస తీగల్లో ఉంది. అన్నీ ఎత్తినా నిలిచి, ప్లగ్గులు ఒక్కొక్కటిగా పెట్టి పరికరాలు వేసినప్పుడు పడితే అనుమానం ఆ చివరి పరికరం మీదికి వెళ్తుంది. అదే పరికరాన్ని తీసి, అంతే భారమున్న వేరొకటి పెట్టినా పడితే పరికరం నిర్దోషి, పైన చెప్పిన న్యూట్రల్-ఎర్త్ స్పర్శను వెతకాలి. పెట్టె మూత విప్పి తీగలు ముట్టుకునే పని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌దే.

‘టీ’ మీట నొక్కితే ఆర్‌సీసీబీ పడడం దాని యంత్రాంగం పనిచేస్తున్నదని మాత్రమే తెలుపుతుంది. ఆ పరీక్ష ప్రవాహం బ్రేకరు లోపలే తిరుగుతుంది కాబట్టి ఇంటి ఎర్త్ ఉందో లేదో అది చెప్పలేదు. ఎర్త్ ఉన్న ఇంట్లో గీజరు ఒంటికి ఫేజు తగిలిన క్షణంలోనే ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్త్ గుంత ఎండి, తీగ తెగి ఉన్న ఇంట్లో అది ఏమీ చేయకుండా కూర్చుంటుంది. ఎవరో ఆ గీజరును ముట్టుకొని, వారి శరీరమే నేలకు దారి అయ్యే దాకా దానికి లీకేజీ కనిపించదు. ఎప్పుడూ ట్రిప్ కాని ఇల్లు తప్పనిసరిగా సురక్షితమైన ఇల్లు కాదు.

పదేపదే పడే 16 యాంపియర్ల బ్రేకరును తీసి 32 యాంపియర్లది పెట్టించడం ఫ్యూజులో మందపాటి తీగ చుట్టిన కాలపు అలవాటుకు కొనసాగింపు. పైపులో సాగే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సురక్షితంగా మోయగలిగేది సుమారు 15 యాంపియర్లు. 32 యాంపియర్ల బ్రేకరు 1.13 రెట్ల వరకూ, అంటే 36 యాంపియర్ల దాకా గంటసేపైనా పడకుండా ఉండవచ్చు. ప్రవాహం 2.4 రెట్లయితే తీగలో పుట్టే వేడి దాని వర్గంగా, ఐదున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. పీవీసీ తొడుగు నిరంతరం భరించగలిగేది 70 డిగ్రీలే. బ్రేకరు ఆ ఇంట్లో మళ్లీ పడకపోవచ్చు. గోడలోని తొడుగు మాత్రం పెళుసుబారి, ఎవరికీ కనిపించకుండా చిట్లుతూ ఉంటుంది. భారం నిజంగా పెరిగిన ఇంటికి కావలసింది గీజరుకు, ఏసీకి బ్రేకర్ల పెట్టె నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో విడిగా వరుస లాగి, దానికి తగిన బ్రేకరును దానికే బిగించడం. అప్పుడు పాత వరుస మీది పాత 16 యాంపియర్ల బ్రేకరును మార్చవలసిన అవసరమే ఉండదు.